పాత ప్లాస్టిక్ విమానం బొమ్మ దొరికిందా? అది ఏ విమానమో కనిపెట్టడం ఇలా

నా దగ్గర ఒక ఎర్ర జెట్ విమానం ఉంది. అరచేతిలో పట్టేంతే ఉంటుంది. వెనక్కి వాలిన రెక్కలు, ముక్కు దగ్గర గుండ్రటి రంధ్రం, రెక్కల మీద అమెరికా నక్షత్రాలు. అమ్మినాయన ఎఫ్-86 సేబర్ అన్నాడు. నేనూ అలాగే రాసి పెట్టుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత దుమ్ము దులుపుతూ ఒకసారి దాన్ని వెనక నుంచి చూశాను. తోక దగ్గర అడ్డంగా ఉండే చిన్న రెక్కలు ఒంటిని అంటుకుని లేవు. నిలువు తోక మీద, సగానికి పైన ఉన్నాయి. సేబర్‌కు అలా ఉండవు. మిగ్-15కు ఉంటాయి. అంటే ఇన్నేళ్ళుగా నేను సేబర్ అనుకున్నది అమెరికా నక్షత్రాలు వేసిన సోవియట్ విమానం.

ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి: పేరు ఆఖర్న. ముందు చూడాలి, తర్వాత కొలవాలి, అడుగున ఏం రాసి ఉందో చదవాలి, అన్నీ కాగితం మీద పెట్టాలి. పేరు ఆ తర్వాతే. పేరు ముందే మనసులో పడిందంటే, కళ్ళు ఆ పేరుకు సరిపోయేవే వెతుకుతాయి.

మొదట ఏవి సేకరించాలో తేల్చుకోండి

పాత ప్లాస్టిక్ విమానాలన్నీ ఒకే రకం కావు. పిల్లలు నేల మీద తోసుకుంటూ ఆడుకోవడానికి చేసినవి ఉన్నాయి. రెన్వాల్, హబ్లీ, టిమ్ మీ, ప్రాసెస్డ్ ప్లాస్టిక్స్, మార్క్స్ లాంటి అమెరికన్ కంపెనీలవి, హాంకాంగ్ నుంచి లెక్కలేనన్ని వచ్చినవి ఈ కోవలోకే వస్తాయి. జిగురుతో అతికించుకునే కిట్లు వేరు. రెవెల్, మోనోగ్రామ్, అరోరా, ఎయిర్‌ఫిక్స్ అలాంటివి. మూడోది అసలు బొమ్మే కాదు: రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు శత్రు విమానాలను, తమ విమానాలను గుర్తుపట్టడం నేర్పడానికి చేసిన నల్లటి నమూనాలు. షికాగోలోని క్రూవర్ అనే కంపెనీ వీటిని సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌తో, 1:72 స్కేలులో చేసింది. అంటే అసలు విమానంలో ఆరు అడుగులు నమూనాలో ఒక అంగుళం. దొరికితే ఒక్కటైనా కొనుక్కోండి. బొమ్మలను పోల్చి చూడటానికి అంతకు మించిన గురువు లేదు.

మొదట్లో ఒకే గుంపు పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. 1950ల జెట్ ఫైటర్లో, ప్రొపెల్లర్ ప్రయాణికుల విమానాలో, ఏదో ఒకటి. ఇరవై బొమ్మలు ఒకే కాలానివి పక్కపక్కన పెడితే తేడాలు వాటంతట అవే కనబడతాయి. అన్నీ కలిపి వంద పోగేస్తే ఏమీ కనబడదు.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూడండి

ముందు విరిగే చోట్లు చూడాలి: ప్రొపెల్లర్ ఆకులు, తోక అంచులు, చక్రాల కాళ్ళు, రెక్క కొసల్లో ఉండే ఇంధన ట్యాంకులు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్నటి పగుళ్ళు తెలుస్తాయి. వేలితో అంచు తడిమితే ఎవరైనా విరిగిన కొసను సానబట్టి నున్నగా చేశారేమో పట్టుబడుతుంది. రెండు రెక్కల పొడవూ ఒకేలా ఉందో లేదో స్కేలు పెట్టి చూడండి. సగం మోసాలు అక్కడే బయటపడతాయి.

తర్వాత అతుకు గీత (అచ్చు రెండు ముక్కలు కలిసిన చోటు), గుండ్రటి మచ్చలు. అచ్చులోంచి బొమ్మను బయటికి నెట్టే పిన్నుల ముద్రలు ఆ మచ్చలు. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి వెళ్ళిన చోట చిన్న మొటిమలాంటిది ఉంటుంది. ఒకే విమానం రెండు దొరికినప్పుడు ఈ ముద్రలు పోల్చండి. ముద్రలు ఒకే చోట ఉంటే ఒకే అచ్చు. ఒకటి కొంచెం చిన్నగా, గీతలు మొద్దుబారినట్టుగా ఉంటే, అది అసలు బొమ్మ మీద నుంచి తీసిన నకలు అచ్చు అయ్యే అవకాశం ఎక్కువ. ప్లాస్టిక్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకలు ఎప్పుడూ ఒక పిసరు తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. పాత అచ్చులతో ఈ రోజుల్లో మళ్ళీ పోసిన బొమ్మలూ ఉన్నాయి. టిమ్ మీ పేరుతో అలా వస్తున్నాయి. అవి నకిలీలేమీ కావు, తెలిసి కొంటే మంచి బొమ్మలే. పాతవి అనుకుని కొంటేనే బాధ.

ఏ ప్లాస్టిక్కో తెలుసుకోండి

కాలం తెలియడానికీ, బొమ్మను కాపాడుకోవడానికీ ఇది తెలిసి తీరాలి. గోటితో మెల్లగా తట్టండి. పోలిస్టైరీన్ అయితే గాజు పలకలా టింగుమంటుంది. గట్టిగా, మెరుస్తూ, పెళుసుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బొమ్మల కంపెనీలు ఎగబడింది దీని మీదే. పాలిథిన్ అయితే చప్పుడు రాదు, మైనంలా జారుతుంది, రెక్క వంచితే వంగుతుంది. ఆ మెత్తటి బొమ్మలు ఎక్కువగా 1950లు, ఆ తర్వాతవి.

అనుమానం ఉంటే ఊడిన చక్రమో, విరిగిన ముక్కో నీళ్ళలో వేయండి, గాలి బుడగ లేకుండా. పాలిథిన్ తేలుతుంది. పోలిస్టైరీన్ మెల్లగా మునుగుతుంది. సెల్యులోజ్ అసిటేట్ గబుక్కున అడుగుకు పోతుంది.

కొన్ని బొమ్మల్లో వెండి రంగు ప్లాస్టిక్ ఉంటుంది. దాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో ఎటు నుంచి ఎటు పారిందో సన్నటి సుడులుగా రెక్క మీద కనబడుతుంది, కదిపిన పాలలో మీగడ తరకలా. రెండు బొమ్మల్లో ఆ సుడి ఒకేలా ఉండదు. నాకైతే ఈ సేకరణలో అన్నిటికంటే ఇష్టమైంది అదే.

వేడి సూదితో గుచ్చి వాసన చూసే పరీక్ష చేయకండి. యుద్ధానికి ముందు బొమ్మ అయితే అది సెల్యులాయిడ్ కావచ్చు, చటుక్కున అంటుకుంటుంది. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చిందంటే సెల్యులాయిడే అనుకోండి, నిప్పుకు దూరంగా పెట్టండి.

శుభ్రం చేయడం

గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రావకం, మెత్తటి టూత్‌బ్రష్. ఇంతకు మించి ఏదీ వద్దు. అసిటోన్, థిన్నర్, పెట్రోల్ పోలిస్టైరీన్‌ను కరిగించేస్తాయి. వేడినీళ్ళకు రెక్కలు వంకర పోతాయి. కాగితం స్టిక్కర్లు ఉన్నచోట తడి తగలనీయకండి. ఇనుప ఇరుసు ఉంటే వెంటనే తుడిచి ఆరబెట్టండి.

అసలు పని: ఇది ఏ విమానం?

యుద్ధకాలంలో ఆకాశం వైపు చూసి విమానాలను గుర్తుపట్టేవాళ్ళకు ఒక వరస నేర్పేవారు: రెక్క, ఇంజన్, ఒళ్ళు, తోక. ఈ నాలుగూ ఆ వరసలోనే చూడమని. బొమ్మల విషయంలో మాత్రం నేను తోకతో మొదలుపెడతాను. ఎందుకంటే బొమ్మ చేసేవాడు ఒంటిని లావు చేస్తాడు, చక్రాలు పెద్దవి చేస్తాడు, కాక్‌పిట్‌లో పైలట్ తల బుడిపెలా పెడతాడు, రెక్కలు విరగకుండా మందం పెంచుతాడు. తోకను అంతగా మార్చడు. దాన్ని మారిస్తే విమానం పోలికే పోతుంది.

తోకలు లెక్కపెట్టండి. నిలువు తోకలు మూడు, ఇంజన్లు నాలుగు, ఒళ్ళు చేపలా వంపు తిరిగి ఉంటే అది లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. ఇక ఆలోచించక్కర్లేదు. రెండు నిలువు తోకలు, నాలుగు ఇంజన్లు, రెక్కలు ఒంటికి పైన ఉంటే అమెరికన్ బాంబర్ బి-24. రెక్కలు ఒంటికి మధ్యన ఉంటే బ్రిటిష్ బాంబర్ లాంకాస్టర్ కావచ్చు. రెండు తోకలు, రెండు ఇంజన్లు, ముందు గాజు ముక్కు ఉంటే బి-25. అలాంటిదే ప్రయాణికుల విమానంగా ఉంటే బీచ్ 18, లేదా అమెరికన్ పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ 1937లో కనుమరుగైనప్పుడు నడిపిన లాక్‌హీడ్ ఎలక్ట్రా. ఒకే పెద్ద తోక, నాలుగు ఇంజన్లు అయితే బి-17, బి-29 మధ్య తేల్చుకోవాలి. బి-29 ముక్కు మెట్టు లేకుండా గుండ్రంగా, మొత్తం గాజుతో ఉంటుంది. బి-17 తోక ముందు భాగం ఒంటి వీపు మీదకు పొడవుగా పాకుతుంది.

ఒకే ఒళ్ళు తోక దాకా పోకుండా రెండు కాడలుగా చీలి ఉంటే ముందు పి-38 లైట్నింగ్ అనుకోండి. కానీ అక్కడే ఆగకండి. ప్రొపెల్లర్లు లేకపోతే అది బ్రిటిష్ వాంపైర్ జెట్. మధ్యలో పెద్ద డబ్బాలాంటి ఒళ్ళు ఉంటే సరుకు మోసే సి-119. ముందొక ప్రొపెల్లర్, వెనకొక ప్రొపెల్లర్ ఉంటే సెస్నా స్కైమాస్టర్.

తర్వాత రెక్క. రెక్కను ముందు నుంచి చూడటం మరిచిపోతారు చాలామంది. బొమ్మను కంటి ఎత్తులో పట్టుకుని ముక్కుకు ఎదురుగా చూడండి. రెక్క కిందికి దిగి మళ్ళీ పైకి లేచిందా? అప్పుడు రెండే పేర్లు ముందుకొస్తాయి. కాక్‌పిట్ బాగా వెనక్కి జరిగి, ముక్కు లావుగా గుండ్రంగా ఉంటే కోర్సెయిర్. చక్రాల కాళ్ళు తొడుగులు వేసుకుని కిందికి వేలాడుతూ, పొడుగాటి గాజు కప్పు ఉంటే జర్మన్ స్టూకా. రెక్క కొసలు పైకి, తోక రెక్కలు కిందికి వాలి ఉంటే ఎఫ్-4 ఫాంటమ్. అసలు విమానంలో రెక్క కొసలు 12 డిగ్రీలు పైకి, తోక 23 డిగ్రీలు కిందికి ఉంటాయి. చిన్న బొమ్మలో కూడా ఆ వంపు పెట్టినవాళ్ళున్నారు.

పై నుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో రెక్క ఉన్నది స్పిట్‌ఫైర్. రెక్క కొసలు చదరంగా కోసినట్టుండి, పొట్ట కింద గాలి పీల్చే పెట్టె ఉంటే పి-51 మస్టాంగ్. ఆ పెట్టె పొట్ట కింద కాక గడ్డం కింద ఉంటే పి-40. ఇవి మూడూ పోస్తూ పోస్తూ కలిపేసిన బొమ్మలు కూడా నేను చూశాను: మస్టాంగ్ రెక్కలు, పి-40 గడ్డం. అలాంటప్పుడు బలవంతంగా ఒక పేరు పెట్టకుండా, ఏ భాగం దేనిదో విడివిడిగా రాసుకోండి.

జెట్‌ల దగ్గరకొస్తే మొదటి ప్రశ్న ఒకటే: గాలి ఎక్కడి నుంచి లోపలికి పోతుంది? ముక్కులోంచా, పక్కల నుంచా, రెక్క మొదట్లోంచా? 1950ల బొమ్మల్లో నిటారు రెక్కల జెట్లు మూడు తెగ కలిసిపోతాయి. ముక్కులో రంధ్రం ఉంటే ఎఫ్-84 థండర్‌జెట్. పక్కల నుంచి అయితే ఎఫ్-80, సీట్లు రెండు, గాజు కప్పు పొడుగు అయితే దాని తోబుట్టువు టి-33. రెక్క మొదట్లో ముక్కోణపు రంధ్రాలు ఉంటే నేవీ వాళ్ళ ఎఫ్9ఎఫ్ పాంథర్. మూడింటికీ రెక్క కొసల్లో ట్యాంకులు ఉండవచ్చు కాబట్టి వాటిని చూసి మోసపోకండి.

ఇక సేబర్, మిగ్-15. సేబర్ మొదట ఎగిరింది 1947 అక్టోబరులో, మిగ్ అదే ఏడాది డిసెంబరులో. రెక్కల వాలు రెండింటికీ 35 డిగ్రీలే. తేడాలు ఇవి: మిగ్ ముక్కు రంధ్రంలో మధ్యన నిలువు అడ్డు ఉంటుంది, సేబర్‌కు రంధ్రం పై పెదవి ముందుకు పొడుచుకొస్తుంది. సేబర్ రెక్క ఒంటికి కింద, మిగ్ రెక్క నడుమ. మిగ్ ఒక్కో రెక్క మీద రెండేసి నిలువు గీతల్లాంటి కంచెలు ఉంటాయి. అవి మూడేసి ఉండి రెక్క ఇంకా వాలి ఉంటే మిగ్-17. తోక సంగతి మొదట్లోనే చెప్పాను.

ముక్కోణపు రెక్కల్లో ఎఫ్-102, ఎఫ్-106 దాదాపు కవలలు. నిలువు తోక కొస మొనదేలి ఉంటే 102, కత్తిరించినట్టు చదరంగా ఉంటే 106. 106కు గాలి రంధ్రాలు కాక్‌పిట్‌కు బాగా వెనక్కి ఉంటాయి. అడ్డ తోకే లేకుండా, రెక్కల మీద రెండు నిలువు తోకలు మాత్రమే ఉన్న వింత జెట్ కనబడితే అది ఎఫ్7యు కట్‌లాస్.

ప్రయాణికుల జెట్లలో బోయింగ్ 707, డగ్లస్ డిసి-8 అందరినీ తికమక పెడతాయి. 707 నిలువు తోక కొసన ముందుకు పొడుచుకొచ్చే పుల్లలాంటి ఏంటెన్నా ఉంటుంది. బొమ్మలో అది విరిగిపోయి ఉండొచ్చు కనుక అక్కడ విరిగిన మచ్చ ఉందేమో చూడండి. డిసి-8కు ముక్కు కింద రెండు రంధ్రాలు, కిటికీలు పెద్దవి, దూరం దూరంగా ఉంటాయి. ఇంజన్లు రెక్క మొదట్లోనే దాక్కుని ఉంటే కామెట్. కిటికీలు ముక్కోణాలుగా, రెండు ఇంజన్లు వెనక ఉంటే ఫ్రెంచి కారవెల్. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానాలు రెండు: కాంకార్డ్ రెక్క అంచు వంపు తిరిగి పారుతుంది, టుపొలెవ్-144 రెక్క రెండు నిటారు గీతలుగా విరుగుతుంది. దాని తర్వాతి రకాలకు కాక్‌పిట్ వెనక చిన్న మీసాల్లాంటి రెక్కలుంటాయి.

కొలత ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

రెక్కల కొస నుంచి కొసకు ఎంతో, ముక్కు నుంచి తోకకు ఎంతో కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. అసలు విమానానికీ అదే లెక్క కట్టి పోల్చండి. పి-51డి రెక్క 11.28 మీటర్లు, పొడవు 9.83. లెక్క 1.15 దగ్గర వస్తుంది. ఎఫ్-104 స్టార్‌ఫైటర్ రెక్క 6.63, పొడవు 16.66. లెక్క 0.4. ఈ రెండింటినీ బొమ్మలో ఎంత వంకర చేసినా కలగలిసిపోవు. కానీ సేబర్‌కూ మిగ్-15కూ లెక్క దాదాపు 1 వస్తుంది. అక్కడ స్కేలు పక్కన పెట్టి మళ్ళీ తోక చూడాల్సిందే. బొమ్మలో కొలత పది శాతం అటూ ఇటూ అయినా కంగారు పడకండి.

రాతలు, గుర్తులు: కాలం చెప్పేవి

అడుగున ఉబ్బెత్తు అక్షరాలు మసకగా ఉంటే, చీకటి గదిలో టార్చి పక్క నుంచి వేయండి. లేదా పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, చిన్నప్పుడు నాణెం మీద రుద్దినట్టు.

బొమ్మ ఫలానా తేదీ కంటే ముందుది కాదు అని చెప్పే గుర్తులు బాగా పనికొస్తాయి. అమెరికా వైమానిక దళం సైన్యం నుంచి వేరుపడింది 1947 సెప్టెంబరులో. కాబట్టి యు.ఎస్. ఎయిర్ ఫోర్స్ అని పోసి ఉంటే బొమ్మ అచ్చు ఆ తర్వాతిదే. 1948లో అమెరికన్ ఫైటర్ల పేరు ముందు పి అక్షరం తీసేసి ఎఫ్ పెట్టారు. పి-80 అని ఉన్న బొమ్మ అచ్చు ఆ మార్పుకు ముందు చెక్కింది కావచ్చు, ఎఫ్-80 అంటే తప్పకుండా తర్వాతిది. 1962లో నేవీ విమానాల పేర్లు కూడా మార్చారు, ఎఫ్4హెచ్ కాస్తా ఎఫ్-4 అయింది. నక్షత్రానికి రెండు పక్కలా పట్టీలు 1943లో వచ్చాయి. పట్టీలు లేకపోతే పాత బొమ్మే అని మాత్రం అనుకోకండి, పని తగ్గించుకోవడానికి ఒట్టి నక్షత్రం చెక్కేసినవాళ్ళు ఉన్నారు. అసలు విమానాల మీద నక్షత్రం పైన ఎడమ రెక్కకే ఉంటుంది, బొమ్మల్లో అందం కోసం రెండు రెక్కలకూ పెడతారు.

ఆక్యుపైడ్ జపాన్ (యుద్ధం తర్వాత మిత్రదేశాల ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే 1947 నుంచి 1952 మధ్యది. పెట్టె దొరికితే అమెరికన్ చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉందేమో చూడండి, ఆ కోడ్లు మొదలైంది 1963లో. రెక్క మీద బిఓఎసి అనే పాత బ్రిటిష్ విమాన సంస్థ స్టిక్కర్ ఉంటే, ఆ సంస్థ 1974లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో కలిసిపోయింది. అమెరికన్ విమాన సంస్థ పాన్ ఆమ్ 1991లో మూతబడింది.

ఇంకో మాట. అచ్చు వయసు, బొమ్మ వయసు ఒకటి కావు. 1952లో చెక్కిన అచ్చుతో 1970లో కూడా పోసి ఉండొచ్చు. మీ కాగితంలో రెంటినీ వేరువేరుగా రాయండి.

ఎంత వెతికినా పోలిక దొరక్కపోతే

అసలు విమానమే లేకపోవచ్చు. 1986లో టెస్టర్స్ కంపెనీ ఎఫ్-19 అనే స్టెల్త్ (రాడార్‌కు చిక్కని) ఫైటర్ కిట్ అమ్మింది. నున్నటి వంపులతో అందంగా ఉంటుంది. 1988లో అసలు స్టెల్త్ విమానం ఎఫ్-117 ఫొటోను అమెరికా బయటపెడితే, అది పలకలు పలకలుగా కోసిన వజ్రంలా ఉంది. ఎఫ్-19 అనే విమానం ఎప్పుడూ ఎగరలేదు. అలాగే బోయింగ్ సూపర్‌సానిక్ ప్రయాణికుల విమానం 2707. కాగితం మీద, నమూనాల్లో ఉంది. 1971లో నిధులు ఆగిపోయాయి. మీ దగ్గరున్న పొడుగాటి సూదిముక్కు విమానం కాంకార్డ్, టుపొలెవ్-144 కాకపోతే అది ఆ ఎగరని విమానం కావచ్చు. ఇలాంటివి దొరికితే నాకు ప్రాణం లేచొస్తుంది. అసలు విమానం మిగలలేదు, బొమ్మ మిగిలింది.

దాచుకోవడం

ఒకసారి నేను మెత్తటి నల్ల చక్రాలున్న విమానాన్ని ఇంకో బొమ్మ రెక్క మీద ఆనించి పెట్టెలో సర్దాను. రెండు వేసవులు గడిచాక తీసి చూస్తే, చక్రం ఆనిన చోట రెక్క కరిగి గుంట పడింది. ఆ మెత్తటి పీవీసీలో కలిపే నూనెలాంటి పదార్థం బయటికి వచ్చి పోలిస్టైరీన్‌ను తినేస్తుంది. అందుకే చక్రాల కింద చిన్న పాలిథిన్ ముక్క పెట్టండి. పీవీసీ సంచుల్లో దాచకండి, రబ్బరు బ్యాండు చుట్టకండి. ఎండ తగలని చోట, ఒకదానికొకటి తగలకుండా ఉంచండి. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే సెల్యులోజ్ అసిటేట్ చెడిపోవడం మొదలైందన్నమాట. ఆ బొమ్మను వేరు చేసి గాలి ఆడే చోట పెట్టండి, లేకపోతే ఆ ఆవిరి పక్కవాటినీ పాడు చేస్తుంది.

ప్రతి బొమ్మకూ ఒక కార్డు రాయండి. నా ఎర్ర జెట్ కార్డు ఇలా ఉంది:

ఎర్ర పోలిస్టైరీన్. అడుగున పేరు లేదు. రెక్క, పొడవు దాదాపు సమానం. ముక్కులో రంధ్రం, అడ్డు లేదు. రెక్క నడుమ. అడ్డ తోక నిలువు తోక మీద, సగానికి పైన. రెండు రెక్కలకూ ఒట్టి నక్షత్రాలు. ఎడమ చక్రం లేదు. పోలిక: మిగ్-15. ఎంత నమ్మకం: తోక వల్ల గట్టిగా, ముక్కు వల్ల కొంచెం తక్కువ.

పోలిక అన్న గడి నేను పెన్సిల్‌తోనే రాస్తాను. మిగతాదంతా పెన్నుతో.